చీపురు చప్పుడు

ధైర్యం అని రాసిన చీటీ మెల్ల మాష్టారి చేతికి వచ్చేసరికి స్టాఫ్ రూములో టీ తాగుతున్న వాళ్ళలో ఇద్దరికి పొలమారింది.

"దేవుడికి కళ్ళున్నాయండీ," అన్నాడు డ్రాయింగు మాష్టారు మూతి తుడుచుకుంటూ. "బల్లి మీద పడితే రెండ్రోజులు సెలవు పెట్టే మనిషికి ధైర్యం నెల!"

మెల్ల మాష్టారు కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? ఆయన భయస్తుడన్న సంగతి ఆ బడి గోడలకి కూడా తెలుసు. రెండో తరగతి పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పేటప్పుడు తప్ప ఆయన చేతులు ఎప్పుడూ వణుకుతూనే ఉంటాయి. టీ కప్పు పట్టుకుంటే కింద సాసరు దానంతటదే తాళం వేస్తుంది. మాట మెల్లగా, నడక మెల్లగా. అందుకని పిల్లలు పెట్టిన పేరు అది. పెద్దవాళ్ళ నోటికీ అదే అలవాటైపోయింది.

చీటీలు వెయ్యటం హెడ్‌మిస్ట్రెస్ ఆలోచన. ఆవిడ ఈ బడికి వచ్చి ఏడాది కావస్తోంది. లెక్కల్లో, చదవటంలో ఈ పిల్లలు చుట్టుపక్కల ఏ బడికీ తీసిపోరు. తల్లిదండ్రులు సంతోషంగానే ఉన్నారు. ఆవిడొక్కతే సంతోషంగా లేదు. "మూడంకెల భాగహారం చేస్తారు బంగారుకొండలు. పక్కవాడు కింద పడితే మాత్రం వాణ్ణి దాటుకుని పోతారు," అనేది.

అందుకని వచ్చే ఏడాదికి కొత్త పాఠ్యప్రణాళిక మొదలుపెట్టింది. స్టాఫ్ రూము గోడకి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే పొడుగు కాగితం అంటించింది. పైన వరసగా పది నెలలు, పక్కన నిలువుగా లెక్కలు, భాష, సైన్సు, పాటలు, బొమ్మలు, ఆటలు, తోటపని. నెలకో విలువ. ఆ నెలంతా ఒక్కో సబ్జెక్టూ ఆ విలువ దగ్గరికి తన దారిన తను నడిచి రావాలి. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. విలువని బోర్డు మీద రాయకూడదు, పిల్లల చేతికి పనిగా ఇవ్వాలి. నిజాయితీ నెలలో ఎవరి ఎత్తు వాళ్ళే కొలుచుకుని, ఒక్క అంగుళం కూడా ఎక్కువ వెయ్యకుండా రాసుకుంటారు. దయ నెలలో పదమూడు పళ్ళని ఐదుగురికి, ఎవరూ అలగకుండా పంచాలి. ఆ లెక్కకి జవాబు పుస్తకం వెనక ఉండదు.

ఓపిక అన్న చీటీ మూడో తరగతి లెక్కల మాష్టారికి వచ్చింది. దానికీ నవ్వారు కానీ, కాస్త అటూ ఇటూ చూసుకుని నవ్వారు. ఆయన మెల్ల మాష్టారికి సొంత బావ, అక్క మొగుడు. ఈ ఉద్యోగం వేయించింది ఆయన. తన ఇంటి మేడ మీద గది ఇచ్చిందీ ఆయనే. బడికి ఉన్న పేరులో ముప్పాతిక భాగం ఆయన లెక్కల చలవే. ఆయన వరండాలో నడుస్తుంటే గోలగా ఉన్న తరగతులు వరసగా, దీపాలు ఆర్పేసినట్టు ఆగిపోయేవి.

"ధైర్యం ఎక్కడ దొరుకుతుందో పిల్లల్నే అడగండి మాష్టారూ," అంది హెడ్‌మిస్ట్రెస్. "ముందు వాళ్ళ భయాలేమిటో తెలిస్తే కదా."

మెల్ల మాష్టారు ఆ మాట పట్టుకున్నాడు. రెండు, మూడు తరగతుల పిల్లలకి తలో కాగితం ముక్క ఇచ్చాడు. "మీకు దేనికి భయమో రాయండి. పేరు రాయొద్దు. ఎవరిదో ఎవరికీ తెలీదు," అని చెప్పి, బిస్కెట్ల డబ్బా మూతకి గాటు పెట్టి అందులో వేయించాడు. ఆ చివరి మాట తను ఎంత తేలిగ్గా చెప్పాడో ఆయనకి అప్పుడు తట్టలేదు.

*

బడి సెలవులకి ఇంకా రెండు వారాలుంది. పిల్లలు వెళ్ళిపోయాక సాయంత్రాలు ప్రణాళిక పని. ఆ రోజు డబ్బా తెరిచారు. బల్ల చుట్టూ మెల్ల మాష్టారు, బావ, డ్రాయింగు మాష్టారు, పాటల టీచరమ్మ. ఎవరో తల్లి వచ్చిందని హెడ్‌మిస్ట్రెస్ అప్పుడే లేచి ఆఫీసు గదికి వెళ్ళింది. బయట ఆయా వరండా ఊడుస్తోంది.

"ఈవిడ ఆ ఒక్క వరండానే రోజుకి నాలుగు సార్లు ఊడుస్తుందేమిటండీ?" అంది పాటల టీచరమ్మ.

"గచ్చు అరగదీసి అమ్ముకుంటుందేమో," అన్నాడు డ్రాయింగు మాష్టారు.

చీటీలు ఒక్కొక్కటే తీసి చదవటం, అది ఏ సబ్జెక్టుకి పోతుందో చెప్పుకోవటం. 'ఉరుము' సైన్సుకి వెళ్ళింది. 'ఒక్కడినే నిలబడి పాడమంటే' పాటలకి. 'కుక్క, కానీ మా వీధిది కాదు' అన్నదాన్ని ఆటలకియ్యాలో భాషకియ్యాలో తేలలేదు. 'మా నాన్న గురక' దగ్గర అందరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. 'చెయ్యెత్తి నాకు తెలీలేదు అని చెప్పటం' అన్న చీటీ వస్తే మెల్ల మాష్టారు దాన్ని లెక్కల వరసలో పెడుతూ, ఇదొక్కటి చాలు నెలంతా నడవటానికి, అనుకున్నాడు. ఆయనకి చాలా కాలం తరవాత ఒక పని బాగా కుదురుతున్నట్టు అనిపించింది. ఆ ఊపులో తరవాతి చీటీ మడత విప్పి, ముందు తను చూసుకోకుండానే పైకి చదివేశాడు.

"పటాల గది. గడియ పెట్టాక ఏం కనపడదు. బయట చీపురు చప్పుడు ఆగిపోతే భయం."

బల్ల దగ్గర ఎవరూ నవ్వలేదు. డ్రాయింగు మాష్టారు తన పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. పాటల టీచరమ్మ కిటికీలోంచి చూస్తోంది. బయట వరండాలో చీపురు చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"ఏదీ, ఇటివ్వు," అన్నాడు బావ, చెయ్యి చాపి. గొంతులో కోపం లేదు. నోటు పుస్తకం అడిగినట్టు అడిగాడు.

అప్పుడు చూశాడు మెల్ల మాష్టారు చేతిలో ఉన్న కాగితాన్ని. అక్షరాలు గీత మీద కూర్చోలేదు. గీత పట్టుకుని కిందికి వేలాడుతున్నాయి, చూరుకి గబ్బిలాల్లా. బడి మొత్తం మీద అలా రాసేది ఒక్కతే. పిట్ట. సన్నగా, చిన్నగా ఉంటుందని తన తరగతిలో ఉన్నప్పుడు పిల్లలు పెట్టిన పేరు. పోయినేడు ఆ అక్షరాలని గీత మీద కూర్చోబెట్టటానికి ఏడాదంతా కష్టపడి ఓడిపోయింది తనే. ఇప్పుడది మూడో తరగతిలో ఉంది. ఏడాదిగా దాని పుస్తకాలు దిద్దుతున్నది బావ.

ఎవరిదో ఎవరికీ తెలీదు! పిల్లలకి తెలీదు, నిజమే. పుస్తకాలు దిద్దే వాళ్ళకి దస్తూరీ చూస్తే మనిషి మొహం చూసినట్టే. ఆ సంగతి ఇరవై ఏళ్ళుగా చాక్‌పీసు పట్టిన తను మరిచిపోయాడు.

"ఇవ్వవోయ్ బామ్మర్దీ. తినేస్తానా?"

చెయ్యి ముందుకి వెళ్ళింది. వెళుతూ వెళుతూ టీ కప్పుకి తగిలింది. నిండు కప్పు. కాగితం బల్ల మీద పడి టీలో మునిగింది. పిల్లల ఇంకు పెన్ను కదా, గబ్బిలాలన్నీ ఒక్క క్షణం ఊదారంగులో ఈదుకుంటూ కరిగిపోయాయి.

"అయ్యయ్యో," అన్నాడు మెల్ల మాష్టారు. తుడవబోయి కాగితాన్ని ముద్ద చేశాడు.

"నీ చేతులు పాడుగాను," అని నవ్వేశాడు బావ. ఆ చేతుల సంగతి అందరికీ తెలిసిందే కనక ఎవరికీ అనుమానం రాలేదు. అది వణుకో, తను కావాలని చేసిన పనో మెల్ల మాష్టారికే సరిగ్గా తెలీలేదు. ఒకటి మాత్రం తెలిసింది. పిట్ట అక్షరాలు పోయాయి. వాటితో పాటు సాక్ష్యమూ పోయింది.

*

బడి నుంచి ఇంటికి పావుగంట నడక. రోజూ బావా బామ్మర్దులు కలిసే నడుస్తారు. ఆ రోజు బావ ఈల వేస్తున్నాడు.

"పిల్లలు ఎంత కథలల్లుతారో చూశావా? ఐదు నిమిషాలు కూర్చోబెడితే చాలు, చీకటి, దెయ్యాలు, చీపుర్లు! నేను ఒక్క దెబ్బ వెయ్యను, తెలుసా. చెయ్యెత్తని మాష్టారు ఎవరైనా ఉన్నారంటే నేనే."

"ఊ," అన్నాడు మెల్ల మాష్టారు.

"అయినా ఎవరో తెలిస్తే మంచిది. ఇవాళ చీటీలో రాసిన వాళ్ళు రేపు ఇంట్లో చెబుతారు. రేపు మొదటి పీరియడు డిక్టేషన్ పెడతా. 'పటాల గది' అని ఒక వాక్యం చెబుతా. ఎవరి పెన్ను ఆగుతుందో చూస్తే తెలీదూ?"

ఆయన హుషారుగా చెప్పాడు, కష్టమైన లెక్కకి దగ్గరి దారి దొరికినట్టు. మెల్ల మాష్టారు ఒక అడుగు వెనకబడి నడిచాడు. పిట్ట పెన్ను ఆగుతుంది. ఆ పిల్ల ఏదీ దాచుకోలేదు, మొహమంతా అద్దమే. తరవాత? ఐదు నిమిషాలు పది అవుతాయి. ఆయా ఆ రోజు సెలవులో ఉండొచ్చు.

ఇంట్లో అక్క అన్నం పెట్టింది. తమ్ముడి పళ్ళెంలో చెంచా టకటకలాడుతుంటే మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపింది.

"ఇవాళ మరీ వణుకుతున్నాయేమిట్రా?"

"ఏం లేదక్కా."

"ఏం లేకపోతే తిను." ఇంకో గరిటెడు వడ్డించింది. తరవాత ముందు గదిలో రేడియో వింటున్న మొగుడి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఈ ఇల్లు నాది కూడా కదరా, మేడ మీద గదితో సహా. అది గుర్తుంచుకో," అంది. ఏ ఉద్దేశంతో అందో ఆయన అడగలేదు.

గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. ఆయన్ని వణికిస్తున్నది బావ ఒక్కడే కాదు. పటాల గదికీ తన రెండో తరగతికీ మధ్య ఒకటే గోడ. ఆ గడియ చప్పుడు ఆయన రెండు నెలలుగా వింటున్నాడు. ఎక్కువగా మూడో పీరియడులో. మొదటిసారి విన్నప్పుడు, ఎవరో పటాలు సర్దుతున్నారనుకున్నాడు. రెండోసారి అలా అనుకోవటానికి కాస్త కష్టపడ్డాడు. ఆ తరవాత గడియ పడగానే, "ఐదో ఎక్కం, గట్టిగా!" అనేవాడు పిల్లలతో. ముప్ఫై గొంతులు ఒక్కసారి లేస్తే గోడ అవతల ఏమీ వినపడదు. తన తరగతిలో పిల్లలకి ఐదో ఎక్కం నిద్రలో లేపినా వస్తుంది. బడిలో అందరూ మెచ్చుకున్నారు కూడా.

*

మర్నాడు ఆయన బడికి ఒక్కడే, గంటకి ముందే వెళ్ళాడు. ఆయా వరండా ఊడుస్తోంది.

"ఆయమ్మా, నువ్వు ఈ వరండా ఎందుకిన్నిసార్లు ఊడుస్తావు?"

ఆవిడ నడుం ఎత్తలేదు. "దుమ్ము బాబూ."

"మూడో పీరియడులోనా?"

చీపురు ఆగింది. ఆవిడ చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది, నమ్మొచ్చో లేదో తూచుకుంటున్నట్టు. "నాలుగు డబ్బుల ఉద్యోగం నాది. గడియ తియ్యటానికి నేనెవర్ని? లోపల ఉన్న బిడ్డకి బయట మనిషి ఉందని తెలిస్తే చాలనుకున్నా. నోటితో చెబితే ఆయనకి వినపడుద్ది. చీపురుకి నోరు లేదు గదా."

మెల్ల మాష్టారు తన తరగతి దాటి పక్క గుమ్మం దాకా నడిచాడు. పటాల గది తలుపు తీశాడు. కిటికీ లేదు, బల్బు పోయి ఎన్నాళ్ళయిందో. చుట్ట చుట్టిన పటాలు మూల నిలబెట్టి ఉన్నాయి, వాటి పక్కన దుమ్ము పట్టిన గ్లోబు.

"నేను లోపలికి వెళతా. గడియ పెట్టు."

"మతిపోయిందా బాబూ మీకు?"

"పెట్టు ఆయమ్మా. వినటం ఒక్కటే చేశాను ఇన్నాళ్ళూ."

గడియ పడింది. ఆ చప్పుడు బయట నుంచి విన్నట్టు లేదు లోపల. పళ్ళ మధ్య పడ్డట్టుంది. పాత కాగితాల వాసన, జిగురు వాసన. చేతిని మొహం ముందు పెట్టుకున్నాడు, కనపడలేదు. యాభై ఏళ్ళ మనిషికి గుండె చెవుల్లోకి వచ్చింది. చుట్టిన పటాలు మనుషుల్లా నిలబడి ఉన్నాయని తెలుసు, అవి పటాలేనని కూడా తెలుసు, అయినా వాటివైపు వీపు పెట్టలేకపోయాడు. బయట బరబరమని చీపురు. దాన్ని పట్టుకుని నిలబడ్డాడు, తాడు పట్టుకున్నట్టు. వెళుతోంది, వస్తోంది. వెళుతోంది, వస్తోంది.

ఆగిపోయింది.

మొదటి గంట కొట్టాల్సిన వేళైంది, ఆయా వెళ్ళింది, అంతే. ఆ సంగతి ఆయన బుద్ధికి తెలుసు. కాళ్ళకి తెలీలేదు. తలుపు మీద రెండు చేతులూ పెట్టాడు. పిలుద్దామనుకున్నాడు. గొంతు రాలేదు. ఇక్కడ కూర్చున్న పిల్లలెవరూ ఎందుకు అరవలేదో అప్పుడు అర్థమైంది.

గంట మోగింది. కొంతసేపటికి గడియ తీసిన చప్పుడు, వెలుగు. గుమ్మంలో ఆయా, ఆవిడ వెనక హెడ్‌మిస్ట్రెస్.

"మాష్టారూ? మీరేమిటి ఇక్కడ?"

ఆయన చెప్పటం మొదలుపెట్టాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. చీటీ సంగతి, టీ సంగతి. పిల్లలు వరసలో నిలబడుతున్నారు. వరండా చివర నుంచి, చేతిలో మూడో తరగతి డిక్టేషన్ పుస్తకాల కట్టతో బావ వస్తున్నాడు. ఆయన్ని చూడగానే మెల్ల మాష్టారి గొంతు సగంలో ఆగింది. ఇప్పుడు ఆపేస్తే మళ్ళీ రాదని ఆయనకి తెలుసు. బావని చూడటం మానేసి, ఆయన చేతిలో పుస్తకాల కట్ట మీద కళ్ళు పెట్టుకుని చెప్పాడు.

"పిల్లల్ని ఈ గదిలో పెట్టి గడియ వేస్తున్నారు. మా బావ. రెండు నెలలుగా."

"ఏమిటయ్యా ఇది?" అన్నాడు బావ. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "ఎవరు చెప్పారు? చీటీ ఏది? ఎవరు రాశారో పేరు చెప్పు, పిలిచి అడుగుదాం."

"పేరు చెప్పను."

"చూశారా మేడమ్? పేరు లేదు, కాగితం లేదు."

"కాగితం అక్కర్లేదు బావా." ఆయన చేతులు ఎంతగా వణికాయంటే, వాటిని చంకల్లో పెట్టుకోవాల్సి వచ్చింది. "నేను విన్నాను. గోడ అవతల ఉన్నది నేనే. గడియ పడ్డప్పుడల్లా పిల్లల చేత ఎక్కం గట్టిగా చెప్పించాను, వినపడకుండా. కావాలంటే మా తరగతిని అడగండి మేడమ్, ఐదో ఎక్కం ఎప్పుడు చెప్పిస్తానో. నా తప్పు కూడా రాసుకోండి."

ఆయా చీపురు గోడకి ఆనించింది. "నేనూ విన్నానమ్మా," అంది.

హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి తల పెట్టి చూసింది. వెనక్కి వచ్చి గడియని ఒకసారి వేసి తీసింది. తరవాత బావ చేతిలోంచి పుస్తకాల కట్ట తీసుకుంది. "మొదటి పీరియడు నేను తీసుకుంటా. మీరు ఆఫీసులో కూర్చోండి. పై అధికారులకి రాయాల్సింది ఉంది, మీ ఎదురుగానే రాస్తా." మెల్ల మాష్టారి వైపు తిరిగి, "మీరూ సంతకం పెట్టాలి," అంది. మెచ్చుకోలు ఏమీ లేదు ఆ గొంతులో. అది ఆయనకి న్యాయంగానే అనిపించింది.

బావ పక్కనుంచి వెళుతూ ఆగాడు. "సాయంత్రం ఇంటికే కదూ వస్తావు?" అన్నాడు మెల్లగా.



*

మధ్యాహ్నం వడ్రంగి వచ్చి పటాల గది గడియ ఊడదీశాడు. నాలుగు మేకుల కన్నాలు మిగిలాయి. మూడో పీరియడులో చెవులు గోడకే అతుక్కుపోయాయి మెల్ల మాష్టారికి. ఏ చప్పుడూ లేదు. "మాష్టారూ, ఎక్కం చెప్పమా?" అని అడిగాడు ముందు బల్ల వాడు, అలవాటు కొద్దీ. "వద్దురా నాయనా," అన్నాడు.

ఆఖరి పీరియడు ముందు గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టయితే చూశాడు. పిట్ట. రాసింది ఎవరో హెడ్‌మిస్ట్రెస్‌కి తెలీదు. తెలిసి ఉంటే ఈ పనికి ఇంకెవర్నైనా పంపేది.

"మేడమ్‌గారు గ్లోబు తెమ్మన్నారు."

"వెళ్ళి తెచ్చుకో అమ్మా. తలుపు తీసే ఉంది. గడియ కూడా లేదు, చూడు."

ఆయన వెంట పక్క గుమ్మం దాకా వచ్చి, పిట్ట మేకుల కన్నాలు చూసింది. ఒక్కొక్కదాంట్లో వేలు పెట్టి చూసింది. తరవాత లోపలి చీకటి వైపు చూసి, కదల్లేదు.

"మాష్టారూ, మీరు ఇక్కడే ఉంటారా?"

"ఉంటాను."

"చప్పుడు చెయ్యండి మరి. నేను వచ్చిందాకా."

ఆయా వరండాలో లేదు. చీపురూ లేదు. మెల్ల మాష్టారు జేబులోంచి చాక్‌పీసు తీసి, దాంతో తలుపు చెక్క మీద తట్టటం మొదలుపెట్టాడు. పిట్ట ఒక అడుగు లోపలికి వేసి, వెనక్కి చూసి, ఇంకో అడుగు వేసింది. సాయంత్రం ఆ ఇంటికి ఎలా వెళ్ళాలో ఆయనకి ఇంకా తెలీదు. అయినా ఆపకుండా తట్టటానికి ప్రత్యేకంగా కష్టపడాల్సిన పని లేకపోయింది. చెయ్యి ఎలాగూ వణుకుతూనే ఉంది.